మనశ్శాస్త్ర పఠనం – ఆత్మపరిశీలన : రామదాసు రచనల ఆధారంగా ఒక విచారణ

ఉపోద్ఘాతం

ప్రాచ్య కళాశాలల పాఠ్యక్రమంలో మనస్సును గూర్చిన శాస్త్రం ఒకే పేరుతో కనిపించదు. అలంకారశాస్త్రం చదివే విద్యార్థి స్థాయి, సంచారి భావాలను వల్లిస్తాడు. వేదాంతం చదివేవాడు మనస్సు, బుద్ధి, చిత్తం, అహంకారం అనే అంతఃకరణ చతుష్టయాన్ని అభ్యసిస్తాడు. యోగదర్శనం చదివేవాడు అవిద్య మొదలుకొని అభినివేశం వరకు పంచక్లేశాలను తెలుసుకొంటాడు. పండిత శిక్షణలో చేరినవాడు విద్యామనోవిజ్ఞానంలో భాగంగా ప్రక్షేపణం, హేతుకీకరణం వంటి రక్షకతంత్రాలను చదువుతాడు. ఈ విధంగా మనస్సును గూర్చి ఇన్ని కోణాల నుండి చదివే అవకాశం గల విద్యార్థులు ఇతర విద్యాశాఖలలో అరుదు.

అయినప్పటికీ ఒక ప్రశ్న మిగిలి ఉన్నది. ముప్పదిమూడు సంచారి భావాలను క్రమం తప్పక అప్పగించగల విద్యార్థి, తన సహాధ్యాయికి బహుమతి వచ్చిన నాడు తనలో కదలినది ఆ పట్టికలో నాల్గవదైన అసూయ అని గుర్తిస్తున్నాడా? భగవద్గీత ఆరవ అధ్యాయాన్ని ఏళ్ల తరబడి బోధించిన అధ్యాపకుడు, తనకు తాను శత్రువైన సందర్భాన్ని ఒక్కటైనా తన దినచర్యలో పట్టుకొన్నాడా? గుర్తించకపోతే ఆ చదువు మనస్సును గూర్చిన సమాచారంగా మిగిలిపోతుంది. గుర్తిస్తే అదే చదువు వ్యక్తి ఎదుగుదలకు సాధనమవుతుంది. ఈ రెంటికీ మధ్య జరుగవలసిన పని ఏమిటో భద్రాచల రామదాసుగా ప్రసిద్ధుడైన కంచెర్ల గోపన్న రచనల ఆధారంగా విచారించడం ఈ వ్యాసం లక్ష్యం.

నారదుని దుఃఖం

శాస్త్రజ్ఞానానికీ ఆత్మజ్ఞానానికీ గల అంతరాన్ని స్పష్టం చేసినది ఛాందోగ్యోపనిషత్తు సప్తమాధ్యాయం. నారదుడు సనత్కుమారుని వద్దకు శిష్యుడుగా వెళ్తాడు. ఏమేమి తెలుసునో ముందు చెప్పమంటాడు గురువు. నారదుడు చతుర్వేదాలతో మొదలుపెట్టి ఇతిహాసపురాణాలు, గణితం, తర్కం, నక్షత్రవిద్య మొదలైన వానినెల్ల ఏకరువు పెడతాడు. అటు పిమ్మట తాను మంత్రవేత్తనే గాని ఆత్మవేత్తను కాననీ, అందుచేతనే దుఃఖిస్తున్నాననీ ఒప్పుకొంటాడు.

ఈ ఘట్టంలో నారదుని పాండిత్యం దోషంగా చెప్పబడలేదు. ఆ పాండిత్యం తన దుఃఖాన్ని తాకలేదని అతడు కనుగొనడమే ఇక్కడి విశేషం. తాను చదివినదానికీ తాను ఉన్న స్థితికీ నడుమ గల దూరాన్ని కొలిచిన క్షణం నుండి అతని నిజమైన విద్య మొదలైనది. బృహదారణ్యకం శ్రవణ, మనన, నిదిధ్యాసనలను వేర్వేరుగా పేర్కొనడంలోని ఆంతర్యం కూడా ఇదే. వినడంతో విద్య పూర్తి కాదు. విన్నదానిని తనపై నిలిపి చూడాలి, చూచినదానిని అలవాటుగా మార్చుకోవాలి.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్ర, పరామనస్తత్వ శాస్త్ర శాఖను నెలకొల్పిన ఆచార్య కోనేరు రామకృష్ణారావు (1932–2021), ఆనంద్ పరాంజపేతో కలిసి 2016లో వెలువరించిన గ్రంథంలో భారతీయ సంప్రదాయంలోని మనోవిచారాన్ని సమగ్రంగా చర్చించారు. మన దర్శనాలలో మనస్సును తెలుసుకోవడం వ్యక్తి పరివర్తన కోసమే గాని కేవలం వర్ణన కోసం కాదన్నది ఆ చర్చలోని ముఖ్యాంశం.

ఆధునిక శాస్త్రం చూపిన అవరోధాలు

1879లో విల్‌హెల్మ్ వుంట్ లైప్‌జిగ్ నగరంలో మనోవిజ్ఞాన ప్రయోగశాలను స్థాపించినప్పుడు అంతఃపరిశీలనకు ముఖ్యస్థానం ఇచ్చాడు. తరువాతి పరిశోధనలు ఆ అంతఃపరిశీలనకు గల పరిమితులను బయటపెట్టాయి. 1977లో నిస్బెట్, విల్సన్ అనే శాస్త్రవేత్తలు, మనుష్యులు తమ ప్రవర్తనకు చెప్పుకొనే కారణాలు చాలా సందర్భాలలో అసలు కారణాలు కావని నిరూపించే ప్రయత్నం చేశారు. అదే సంవత్సరం లీ రాస్ మరొక దోషాన్ని వివరించాడు. ఎదుటివాని ప్రవర్తనను చూచినప్పుడు మనం అతని స్వభావాన్నే కారణంగా భావిస్తాము. అతడున్న పరిస్థితికి ఇవ్వవలసిన విలువ ఇవ్వము.

2002లో ఎమిలీ ప్రోనిన్, ఆమె సహపరిశోధకులు ప్రకటించిన ఫలితాలు ప్రస్తుత విషయానికి మరింత సన్నిహితమైనవి. మానవుల ఆలోచనలో సహజంగా ఉండే పక్షపాతాలను వివరించి చెప్పినప్పుడు, అవి ఇతరులలో ఉన్నంతగా తమలో లేవని అధికులు భావించారు. తమను తాము సగటు కన్న మెరుగుగా భావించుకొనే స్వభావం మనుష్యులకు ఉన్నదని తెలిపిన తరువాత కూడా, తమ అంచనా సరియైనదేనని చాలామంది అన్నారు.

దీనినిబట్టి మనశ్శాస్త్ర విద్యార్థికి పొంచి ఉన్న ప్రమాదం తెలుస్తున్నది. కొత్తగా నేర్చిన పారిభాషిక పదం మొదట ఇతరుల మీదనే ప్రయోగింపబడుతుంది. ప్రక్షేపణం అంటే ఏమిటో చదివిన విద్యార్థికి ఆ సాయంత్రమే ఇంటిలోని వారందరిలో ప్రక్షేపణం కనిపిస్తుంది. అహంకార లక్షణం చదివినవానికి తోటివారి అహంకారం స్పష్టమవుతుంది. అద్దంగా ఉండవలసిన శాస్త్రం ఈ విధంగా అంపపొదిగా మారుతుంది. కావున మనశ్శాస్త్రం చదివినంత మాత్రాన ఎదుగుదల కలుగదనీ, ఆ చదువు దృష్టిని ఇతరుల నుండి తనవైపు మరల్చినప్పుడే ఫలిస్తుందనీ గ్రహించాలి. ఈ మరలింపు ఎట్లా జరుగుతుందో రామదాసు రచనలలో చూడవచ్చు.

నేలకొండపల్లి నుండి భద్రగిరి వరకు

కంచెర్ల గోపన్న జన్మస్థలం నేలకొండపల్లి. ఇది ఖమ్మం జిల్లాలోనిది. ఇక్కడి త్రవ్వకాలలో బౌద్ధస్తూపం, బుద్ధ ప్రతిమలు బయల్పడినవి. స్మృతిని, అనగా క్షణక్షణం మనస్సును గమనించడాన్ని, సాధనలో ప్రధానాంగంగా భావించిన బౌద్ధం ఒకప్పుడు వర్ధిల్లిన ఊరిలో ఈ కవి జన్మించడం గమనింపదగినది. నేలకొండపల్లి నుండి ఈశాన్యంగా పాల్వంచ మీదుగా సాగితే అడవులు దాటి గోదావరి తీరంలోని భద్రాచలం వస్తుంది. చాలాకాలం ఖమ్మం జిల్లాలో భాగంగా ఉన్న భద్రాచలం, 2016లో ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరినది.

భద్రగిరి క్షేత్రానికి సంబంధించిన ఐతిహ్యంలో ఇద్దరు భక్తులు ప్రధానులు. మొదటివారు పోకల దమ్మక్క. అడవిపల్లెకు చెందిన ఈమె స్వప్నాదేశం మేరకు పుట్టలో నున్న సీతారామలక్ష్మణ విగ్రహాలను కనుగొని, పందిరి వేసి, తనకు అందిన అడవి ఫలాలను నివేదించినదని చెబుతారు. రెండవవాడు గోపన్న. గోలకొండ పాలకుడు అబుల్ హసన్ తానీషా (పాలనాకాలం 1672–1687) కొలువులో మంత్రులైన అక్కన్న మాదన్నలు ఇతనికి మేనమామలని ప్రసిద్ధి. వారి ప్రాపుతో పాల్వంచ పరగణాకు తహశీల్దారై, వసూలైన శిస్తు ధనాన్ని ఆలయ నిర్మాణానికీ ఆభరణాలకూ వెచ్చించి, తత్ఫలితంగా గోలకొండలో పన్నెండేండ్లు చెరసాల అనుభవించినట్లు సంప్రదాయం చెబుతున్నది. ఆరు లక్షల మొహరీలు రామలక్ష్మణులే స్వయంగా చెల్లించి అతనిని విడిపించినట్లు భక్తలోకం విశ్వసిస్తుంది.

ఈ ఇద్దరి భక్తిలో తారతమ్యాన్ని ఎంచడం ఇక్కడ అవసరం లేదు. కాని మనస్తత్వ దృష్టితో ఒక భేదాన్ని గుర్తించాలి. దమ్మక్క ఇచ్చిన పండ్లకు లెక్క లేదు. గోపన్న ఉద్యోగరీత్యా లెక్కల మనిషి. పైగా అతడు వెచ్చించిన ధనం తన సొంతం కాదు. తాను చేసినది ధర్మమా, అపరాధమా అనే ప్రశ్న అతనికి చెరసాలలో ఎదురుకాక తప్పదు. అందుచేత అతని రచనలలో భక్తితోపాటు పద్దులు, ఫిర్యాదులు, సంజాయిషీలు కూడా కనిపిస్తాయి. మనోవిచారానికి ఇవి విలువైన సామగ్రి.

పద్దుల కీర్తన

రామదాసు కీర్తనలలో బహుళ ప్రచారం గల ఒకదానిలో అతడు రామునికి ఖర్చుల వివరం అప్పగిస్తాడు. భరతునికి పచ్చల పతకం, శత్రుఘ్నునికి మొలత్రాడు, లక్ష్మణునికి ముత్యాల పతకం, సీతమ్మకు చింతాకు పతకం, రామునికి కలికితురాయి చేయించిన సంగతి వరుసగా చెబుతాడు. పతకాలకూ మొలత్రాటికీ పదివేల చొప్పున పట్టిన మొత్తాన్ని విప్పి చెబుతాడు. ఇది తహశీల్దారు భాష. పై అధికారికి జమాఖర్చులు చూపే ఉద్యోగి గొంతు అందులో వినిపిస్తుంది.

పద్దు ముగిసేసరికి గొంతు మారుతుంది. ఈ వైభవం ఎవరి సొమ్మనుకొని అనుభవిస్తున్నావని రాముని నిలదీస్తాడు. తండ్రి దశరథుడు పెట్టినాడా, మామ జనకుడు పంపినాడా అని ఎత్తిపొడుస్తాడు. సంచారి భావాల పరిభాషలో చెప్పాలంటే, ఇక్కడ గర్వం, అమర్షం రెండూ పెనవేసుకొని ఉన్నాయి. తాను చేసిన ఉపకారాన్ని జ్ఞాపకం చేయడంలో గర్వం, ప్రత్యుపకారం కనిపించకపోవడం వల్ల అమర్షం. ఆధునిక పరిభాషలో ఇది నిందను పూర్తిగా ఎదుటివారిపై మోపడం. శిస్తు ధనాన్ని అనుమతి లేకుండా వాడినవాడు తానన్న అంశం ఈ భాగంలో ఎక్కడా లేదు.

కీర్తన ఇక్కడితో ఆగిపోయి ఉంటే అది నిందాస్తుతికి చక్కని ఉదాహరణగా మాత్రమే నిలిచేది. చివరి భాగంలో కవి మరొక మాట చెబుతాడు. తాను తిట్టినందుకు నొచ్చుకోవద్దనీ, తగిలిన దెబ్బలకు తాళలేక తిట్టినాననీ విన్నవించి, తనను ఏలుకొమ్మని వేడుకుంటాడు.

ఈ విన్నపాన్ని నిశితంగా పరిశీలించాలి. కవి తన కోపానికి కారణం రామునిలో వెదకడం మానివేశాడు. ఆ కారణం తన శరీరం అనుభవించే బాధలో ఉన్నదని గ్రహించాడు. తాను అన్నవి సత్యాలని వాదించలేదు, తాను మహాపాపినని గుండెలు బాదుకొననూ లేదు. బాధ కలిగింది, తాళలేకపోయాను, అందుచేత తిట్టాను అనే కార్యకారణ క్రమాన్ని మాత్రం చెప్పాడు. నిస్బెట్, విల్సన్‌లు మనుష్యులకు దుర్లభమని చెప్పినది ఇట్టి కారణగ్రహణమే. ద్వేషం దుఃఖాన్ని అనుసరించి వచ్చే క్లేశమని యోగదర్శనం చెప్పిన లక్షణానికి ఇది చక్కని లక్ష్యం. రాముడు చేసిన తప్పులకు ఎత్తిన పద్దు ముగిసి, తన లోపల జరిగినదానికి పద్దు మొదలైనది ఇక్కడనే.

దొంగను పట్టడం

రామదాసు రచనగా ప్రసిద్ధమైన దాశరథీ శతకంలో ఈ అంతర్దృష్టి మరొక రూపంలో కనిపిస్తుంది. ఒక పద్యంలో కవి, పరుల ధనాన్నీ పరుల స్త్రీలనూ చూచి అపహరింపగోరే తన మనస్సును దొంగగా వర్ణిస్తాడు. ఆ దొంగను పట్టి, వివేకమనే త్రాళ్లతో చుట్టి, రాముని పాదమనే కల్పవృక్షానికి కట్టివేయమని ప్రార్థిస్తాడు.

ప్రభుత్వ ధనం అపహరించినాడన్న అభియోగం మోయవలసివచ్చిన మనిషి రచనలో ఈ రూపకం ఉండడం గమనార్హం. పట్టడం, చుట్టడం, కట్టివేయడం అన్నవి నేరవిచారణలోని క్రియలు. కవి వాటిని తన మనస్సు మీద ప్రయోగించాడు. శతకం ఏ దశలో రచించినదైనా ఈ పరిశీలనకు బాధ లేదు. లోకం విధించే బంధనం వేరు, వివేకం విధించే బంధనం వేరు అన్న స్పృహ పద్యంలోనే ఉన్నది.

ఈ రూపకంలో మనస్సు ఒకవైపు, దానిని చూచేవాడు మరొకవైపు నిలిచారు. వేదాంతులు సాక్షి అనేది ఈ చూచేవానినే. ఈతన్ క్రాస్, అతని సహపరిశోధకులు 2014లో ప్రకటించిన ప్రయోగాలలో, ఒత్తిడి కలిగించే సందర్భాలలో నేను అనుకొనడానికి బదులు తమను తాము పేరుతో గాని, నీవు అని గాని సంబోధించుకొన్నవారు తమ ఉద్వేగాన్ని మెరుగుగా అదుపు చేసుకొన్నట్లు తేలినది. ఓ మనసా అని మనస్సును పిలిచి బుద్ధి చెప్పే సంకీర్తన సంప్రదాయం ఈ దూరాన్ని తెలుగువారికి శతాబ్దాలుగా అలవాటు చేస్తూ వచ్చినది.

అయితే ఈ దూరంలోనూ ఒక ప్రమాదమున్నది. దొంగ మనస్సే గాని నేను కాను అని తప్పించుకొనడానికి అదే రూపకం ఉపయోగపడగలదు. హేతుకీకరణానికి వేదాంతం కూడా పనికివస్తుందనడానికి ఇది నిదర్శనం. శతకకర్త ఈ లొసుగును మూసివేశాడు. మరొక పద్యంలో తాను ఘోరకృత్యాలు చేసినాననీ, భాగవతులకు అపచారం చేసినాననీ ఉత్తమ పురుష ఏకవచనంలో, అదే క్రియను మరల మరల వాడుతూ ఒప్పుకొన్నాడు. మనస్సును ప్రథమ పురుషలో చూడడం, చేసిన పనిని ఉత్తమ పురుషలో అంగీకరించడం అనే రెండూ కలిసినప్పుడే ఆత్మపరిశీలన సమగ్రమవుతుంది. మొదటిది లేకుంటే మనిషి పశ్చాత్తాపంలో మునిగిపోతాడు. రెండవది లేకుంటే బాధ్యత నుండి జారిపోతాడు.

ఆత్మనింద, ఆత్మపరిశీలన

ఈ రెంటినీ ఒకటిగా భావించడం వల్ల మనశ్శాస్త్ర పఠనం కొందరికి మేలుకు బదులు కీడు చేస్తుంది. ట్రాప్‌నెల్, క్యాంప్‌బెల్ అనే పరిశోధకులు 1999లో, తనను గూర్చి తాను ఆలోచించుకొనే తీరులలో రెండింటిని వేరుచేశారు. ఒకటి భయం, నష్టం, అన్యాయం జరిగిందన్న భావన ప్రేరేపించగా జరిగిపోయినదానినే మరల మరల నెమరు వేయడం. రెండవది తెలుసుకోవాలనే కుతూహలంతో తనను పరిశీలించుకొనడం. బయటికి రెండూ ఒకేవిధంగా కనిపిస్తాయి. మొదటిది మనస్సును కుంగదీస్తుంది, రెండవది తెలివిడిని పెంచుతుంది.

రామదాసు కీర్తనలలో ఈ రెండు తీరులూ ఉన్నాయి. రాముడు పలుకడం లేదన్న దైన్యం, కరుణించడం లేదన్న నిర్వేదం కొన్నింట పదేపదే వస్తాయి. కాని ఆ దుఃఖం తనలోనే తిరుగాడి ఆగిపోదు. ఒకచోట రామునితో వాదిస్తుంది, మరొకచోట తన మాట రామునికి చెప్పమని సీతమ్మను వేడుకుంటుంది, వేరొకచోట క్షమాపణగా మారుతుంది. ప్రతి సందర్భంలోనూ వినేవారొకరున్నారు. దుఃఖం సంబోధనగా మారడం వల్లనే నెమరువేత పరిశీలనగా పరిణమించినది. తన దుఃఖాన్ని చెప్పుకొనడానికి గురువో, మిత్రుడో, దైవమో, కనీసం ఒక తెల్లకాగితమో ఉండాలన్నది దీనివల్ల గ్రహింపదగిన అంశం.

రామదాసును ఆధునిక పరిభాషతో కొలిచి అతని భక్తిని మనోవికారంగానో, రక్షకతంత్రంగానో తేల్చడం ఇక్కడి ఉద్దేశం కాదు. అట్టి నిర్ధారణ పైన చెప్పిన దోషానికే ఉదాహరణ అవుతుంది; శాస్త్రాన్ని ఇతరుని మీద ప్రయోగించి తనను మరచిపోవడమవుతుంది. భక్తికి దాని ప్రమాణాలు దానికి ఉన్నాయి. మనశ్శాస్త్రం ఇక్కడ చేయగలిగినది, పాఠకుడు తనలో గుర్తించదగిన కదలికలకు పేర్లు అందించడం మాత్రమే.

బోధనలో వినియోగం

పై విచారణను తరగతి గదిలో మూడు పాఠాలుగా విభజించుకొనవచ్చు.

మొదటిది శ్రవణ స్థాయి. పద్దుల కీర్తనను పూర్తిగా చదివించి, గర్వం, అమర్షం, దైన్యం మొదలైన భావాలు ఏ చరణంలో ఎట్లా మారుతున్నాయో విద్యార్థులచేత గుర్తింపజేయాలి. లక్షణ గ్రంథంలోని పేరుకు సజీవమైన లక్ష్యం ఇక్కడ దొరుకుతుంది. ప్రక్షేపణం, హేతుకీకరణం వంటి ఆధునిక పదాలను ఈ సందర్భంలోనే పరిచయం చేయాలి.

రెండవది మనన స్థాయి. గోపన్న అట్లా ఎందుకు మాట్లాడినాడు అన్న ప్రశ్నకు ప్రతి విద్యార్థి సమాధానం వ్రాయాలి. ఆ వెంటనే, తాను ఇటీవల ఒకరిని పరుషంగా మాట్లాడిన సందర్భాన్ని వేరొక కాగితంపై వ్రాసుకొని, అప్పుడు తాను చెప్పిన కారణమేమిటో, అసలు తాళలేకపోయిన దెబ్బ ఏమిటో పోల్చి చూచుకొనాలి. ఈ రెండవ కాగితాన్ని అధ్యాపకుడు అడుగరాదు, చదువరాదు, మార్కులు వేయరాదు. పరీక్షించేవాడు ఎదుట ఉన్నప్పుడు వ్రాసే ఆత్మపరిశీలన మరొక హేతుకీకరణంగా మారుతుంది.

మూడవది నిదిధ్యాసన స్థాయి. అదే సందర్భాన్ని విద్యార్థి మొదట తన పేరుతో, అన్యుని కథవలె తిరిగి వ్రాయాలి. ఆ పిమ్మట తాను చేసిన తప్పును ఉత్తమ పురుషలో ఒక్క వాక్యంగా వ్రాయాలి. చివరకు దానికి ప్రతిగా చేయదగిన ఒక్క చిన్న పనిని ఎంచుకొని చేయాలి. దుర్భావన బాధించినప్పుడు దాని ప్రతిపక్షాన్ని భావించమన్న యోగదర్శన సూచనకు ఇది ఆచరణ రూపం.

ఈ పాఠానికి కొన్ని నియమాలు అవసరం. విద్యార్థికి చెప్పేముందు అధ్యాపకుడు తాను ఒకమారు ఆచరించి ఉండాలి. తరగతిలో నేర్చిన పదాన్ని సహాధ్యాయికి తగిలించడం తగదని ముందే చెప్పాలి. నిద్రాహారాలు తప్పేంత దుఃఖంలో ఉన్న విద్యార్థిని ఈ అభ్యాసానికి పురికొల్పరాదు. అతనికి వైద్యుని సహాయం కావాలి, కీర్తన వివరణ కాదు. ఈ వివేకం లేనిచోట మనశ్శాస్త్ర బోధన మానుకొనడమే మేలు.

ఉపసంహారం

మనశ్శాస్త్రం చదివినవాడు సహజంగానే ఎదుగుతాడన్న నమ్మకానికి ఆధారం లేదు. పక్షపాతాలను గూర్చి తెలుసుకొన్నవాడు కూడా అవి ఇతరులవే అనుకొంటాడని ఆధునిక పరిశోధన చెబుతున్నది. సర్వవిద్యలు తెలిసినా దుఃఖం తీరలేదని నారదుడు ఏనాడో చెప్పాడు. తెలిసినదానిని తన ఒక్క సందర్భానికి, తన ఒక్క మాటకు, తన ఒక్క కోపానికి అన్వయించుకొన్నప్పుడు మాత్రమే ఆ చదువు మనిషిలో మార్పు తెస్తుంది.

రామదాసు కీర్తన ఈ అన్వయాన్ని కళ్లకు కట్టిస్తున్నది. ఇతరులు తనకు బాకీపడ్డ లెక్కతో అది మొదలైనది. తాను తాళలేకపోయిన దెబ్బను ఒప్పుకొనడంతో ముగిసినది. పరగణా లెక్కలు వ్రాసిన చేతికి లోపలి లెక్క వ్రాయడం సులభం కాలేదు. అందుకు ముందు ఎన్నో నిష్ఠురాలు పలుకవలసివచ్చినది. భద్రాచలంలోనూ, తెలుగునాట అనేక గ్రామాల భజన మందిరాలలోనూ ఈ కీర్తన నేటికీ వినిపిస్తుంది. పాడేవారిలో అధికులు పతకాల పద్దును, ఎత్తిపొడుపును ఇష్టంగా పాడుతారు. ప్రాచ్య కళాశాలల అధ్యాపకులు దాని చివరి విన్నపం వద్ద మరికొంతసేపు ఆగి, ముందు తమను, ఆపైన తమ విద్యార్థులను ప్రశ్నించుకొనేటట్లు చేయగలిగితే, మన పాఠ్యక్రమంలో చెల్లాచెదరుగా ఉన్న మనశ్శాస్త్రానికి ఒక ప్రయోజనం సిద్ధిస్తుంది.